ఊపిరితిత్తిలో 1.6 సెంటీమీటర్ల గడ్డ: లోబ్ మొత్తం తీయాలని ఒకరు, సెగ్మెంట్ తీస్తే చాలని ఇంకొకరు, ఎట్ల తేల్చుకోవాల?

పులిచెర్ల అమ్మాయి
సోమవారం రాత్రి 9.42

అందరికీ నమస్కారం. ఈడ చాన్నాళ్ళుగా చదువుతాండా కానీ రాసేది ఇదే మొదటిసారి. కొంచెం పొడుగైతాది, ఓపిగ్గా చదవండి.

మాది పులిచెర్ల దగ్గర పల్లె, నేను తిరుపతిలో బ్యాంకులో పని చేస్తాండా. మా అమ్మకు 59 ఏండ్లు. బీడీ, సిగరెట్ ముట్టిన మనిషి కాదు, మా నాయన కూడా తాగడు. కానీ ఇరవై ఏండ్లు మా బెల్లం గానిగ కాడ పొయ్యిలోకి చెరుకు పిప్పి ఎగదోసింది ఆమే, ఇంట్లోకి గ్యాస్ వచ్చినాక కూడా సంగటి మటుకు కట్టెల పొయ్యి మీదనే కెలికేది. పోయిన చలికాలంలో జొరం, దగ్గు తగ్గక ఎక్స్‌రే తీస్తే కుడిపక్క చిన్న మచ్చ కనపడింది. గళ్ళ పరీక్షలో టీబీ లేదు, సీబీనాట్ కూడా నెగెటివ్, అయినా మేము చూపించిన డాక్టరు టీబీయే అయుంటాదని మందులు మొదలు పెట్టినారు, మూడు నెలలు వాడినాం. జొరం ఎప్పుడో పోయింది, ఇప్పుడు నొప్పి, ఆయాసం ఏమీ లేవు, మచ్చ మటుకు పోలా. మళ్ళా సీటీ తీస్తే 1.3 ఉండేది 1.6 సెంటీమీటర్లు అయింది. సూదితో ముక్క తీసి పంపితే అడినోకార్సినోమా, అంటే ఒక రకం కేన్సర్ అని వచ్చింది.

పెట్ సీటీలో ఆ ఒక్క చోటే వెలిగింది, ఊపిరితిత్తి చుట్టూ ఉండే లింఫ్ గ్రంథుల్లో ఏమీ లేదు, వేరే యాడా లేదు. కుడి కింది లోబ్‌లో పైభాగంలో, ఛాతీ గోడకు దగ్గరగా ఉండాదంట. లోబ్ అంటే ఊపిరితిత్తిలో ఒక పెద్ద భాగం, సెగ్మెంట్ అంటే ఆ లోబ్‌లో ఒక చిన్న భాగం. ఇద్దరు సర్జన్లకు చూపించినాం. ఒకరు కింది లోబ్ మొత్తం తీసేస్తాం, దశాబ్దాలుగా రుజువైన పద్ధతి అదే అన్నారు. ఇంకొకరు ఆ లోబ్‌లో ఒక్క సెగ్మెంట్ తీస్తే చాలు, మిగతాది కాపాడొచ్చు అన్నారు. ఇద్దరూ అనుభవం ఉండేవాళ్ళే, ఇద్దరూ నిదానంగా కూర్చోబెట్టి చెప్పినారు, అందుకే ఇంకా కష్టంగా ఉండాది. శ్వాస పరీక్షలో ఎఫ్‌ఈవీ1 (గట్టిగా ఊదితే మొదటి సెకనులో బయటికొచ్చే గాలి) మామూలుగా ఉండాల్సినదాంట్లో 72 శాతం వచ్చింది.

అమ్మేమో తక్కువ కోసేది యాదైతే అదే చేయించు అంటాది. నాయనేమో మొత్తం తీసేయమను, మళ్ళా రాకూడదు అంటాడు. నేను ఒక్కదాన్నే బిడ్డను. నాకు నిద్ర పట్టడంలే.


నగరి మగ్గం
సోమవారం రాత్రి 10.05

తల్లీ ధైర్యంగా ఉండు. మా నాయనకు కూడా ఇదే జరిగింది మూడేళ్ళ కిందట. ఇప్పుడు మగ్గాలు నడుస్తా ఉండాయి, తెల్లారి రాస్తా.


కుప్పం రైలు
సోమవారం రాత్రి 11.20

అమ్మాయ్, నేను చెప్పేది తప్పుగా అనుకోవద్దు. మా ఊర్లో పెద్దోళ్ళు అందరూ చెప్పే మాట ఒకటుంది, కేన్సర్ గడ్డకి కత్తి తగిలితే ఒళ్ళంతా పాకుతుందని. మా పిన్నమ్మకి అట్లే అయింది, ఆపరేషన్ చేసిన నాలుగు నెలలకే పోయింది. ఒక్క నెల ఆగి నాటు మందు చూడకూడదా? ఆమెకి ఇప్పుడు నొప్పి లేదు, ఆయాసం లేదు అంటున్నావు కదా.


బైరాగిపట్టెడ
మంగళవారం ఉదయం 6.50

నేను ఛెస్ట్ సర్జరీలో సీనియర్ రెసిడెంట్‌ని. సీటీ సిడి చూడకుండా ఇది చేయించండి అది చేయించండి అని చెప్పను, చెప్పకూడదు కూడా. కానీ తెలిసిన విషయాలు చెప్తా.

ముందు కుప్పం అన్నకి. అన్నా, మీ పిన్నమ్మ గురించి చాలా బాధగా ఉంది. కానీ కత్తి తగలడం వల్ల పాకదు. మన దగ్గర చాలామందికి కడుపు కోసేటప్పటికో ఛాతీ తెరిచేటప్పటికో జబ్బు అప్పటికే పాకి ఉంటుంది, చూసినవాళ్ళకి ఆపరేషన్ తర్వాత ముదిరినట్టు అనిపిస్తుంది. ఇక్కడ పరిస్థితి వేరు, రెండు సెంటీమీటర్ల లోపు ఉన్నప్పుడే దొరికింది, అది కూడా జ్వరం పుణ్యమా అని. నొప్పి లేదు కాబట్టి ఆగుదాం అనుకుంటే అదే పెద్ద పొరపాటు, ఊపిరితిత్తి లోపల నొప్పి తెలిసే నరాలు ఉండవు, పైన పొరకి తగిలితేనే నొప్పి తెలుస్తుంది, అంతదాకా రానివ్వకూడదు.

ఇక అసలు ప్రశ్న. కుడి ఊపిరితిత్తిలో మూడు లోబ్‌లు, ఎడమ దాంట్లో రెండు. ఒక్కో లోబ్‌లో మళ్ళీ సెగ్మెంట్లు, ప్రతి సెగ్మెంట్‌కి తన సొంత గాలి గొట్టం, సొంత రక్తనాళం. బత్తాయిలో తొనలు ఉన్నట్టు అనుకోండి, తొనని తొనగా విడదీయొచ్చు, అయితే బత్తాయిలో లాగా మధ్యలో తొక్క కనిపించదు, ఎక్కడ విడదీయాలో వెతుక్కోవాలి, అదే ఈ ఆపరేషన్లో కష్టం. లోబ్ మొత్తం తీస్తే లోబెక్టమీ, తొన ఒక్కటే తీస్తే సెగ్మెంటెక్టమీ, తొనలతో పని లేకుండా గడ్డ చుట్టూ ముక్క కోసేస్తే వెడ్జ్.

అమెరికా వాళ్ళు 247 మందితో చేసి 1995లో ఫలితాలు బయటపెట్టిన ట్రయల్లో తక్కువ తీసినవాళ్ళకి అదే చోట మళ్ళీ రావడం మూడు రెట్లు కనిపించింది. అప్పటినుంచి పాతికేళ్ళకి పైగా లోబెక్టమీయే ప్రమాణం. మీ మొదటి సర్జన్ చెప్పింది ఆ లెక్కే, ఆయన తప్పేమీ చెప్పలేదు. కానీ ఆ ట్రయల్లో మూడు సెంటీమీటర్ల దాకా ఉన్న గడ్డలు తీసుకున్నారు, పెట్ స్కాన్లు లేని రోజులు అవి.

తర్వాత జపాన్ వాళ్ళు రెండు సెంటీమీటర్ల లోపు, గోడ దగ్గర ఉండే గడ్డలు మాత్రమే తీసుకుని 1106 మందిని రెండు భాగాలు చేసి, ఒకరికి లోబెక్టమీ ఒకరికి సెగ్మెంటెక్టమీ చేశారు. 2022లో లాన్సెట్‌లో వచ్చింది. అయిదేళ్ళకి బతికి ఉన్నవాళ్ళు సెగ్మెంట్ వైపు 94.3 శాతం, లోబ్ వైపు 91.1 శాతం. తక్కువ తీసినవాళ్ళే కొంచెం ఎక్కువమంది బతికారు. 2023లో అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా కలిసి చేసినది న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది, 697 మంది, అందులో తక్కువ తీసినవాళ్ళలో సగానికి పైగా వెడ్జ్‌లే, అయినా జబ్బు లేకుండా అయిదేళ్ళు గడిచినవాళ్ళు 63.6 శాతం, లోబ్ వైపు 64.1, అంటే దాదాపు సమానం.

దాచకుండా ఇంకోటి కూడా చెప్పాలి. జపాన్ ట్రయల్లో అదే చోట మళ్ళీ రావడం సెగ్మెంట్ వాళ్ళలో 10.5 శాతం, లోబ్ వాళ్ళలో 5.4. ఆపరేషన్ తర్వాత ఊపిరితిత్తి కోసిన చోటి నుంచి గాలి లీక్ అవడం కూడా సెగ్మెంట్ వాళ్ళకే కొంచెం ఎక్కువ.

డ్యూటీకి టైం అయింది, మళ్ళీ వస్తా.


పులిచెర్ల అమ్మాయి
మంగళవారం ఉదయం 7.31

డాక్టర్ గారూ చాలా థాంక్స్. కానీ మళ్ళీ వచ్చేది రెట్టింపు అయినప్పుడు బతికేవాళ్ళు ఎక్కువ ఎట్లయినారు? ఇది మా నాయనకు నేను ఎట్ల చెప్పేది? ఆ 10.5 అనే మాట వింటే ఆయన ఇంక వేరే ఏమీ వినడు.


చంద్రగిరి కోట
మంగళవారం ఉదయం 10.15

అమ్మా, నేను జువాలజీ లెక్చరర్‌గా రిటైర్ అయ్యాను, వయసు 72. నాలుగేళ్ళ కిందట నాకు ఎడమ పై లోబ్ తీసేశారు. నాది మూడున్నర సెంటీమీటర్లు, కాబట్టి నాకు సెగ్మెంట్ అనే ప్రశ్నే రాలేదు, నేను నలభై ఏళ్ళు సిగరెట్లు తాగిన మనిషిని కూడా. మీ అమ్మగారిది నాలాంటి కేసు కాదు, కానీ లోబ్ లేకుండా బతకడం ఎలా ఉంటుందో చెప్పగలను.

రోజూ పొద్దున కోట చెరువు వైపు నడుస్తాను. చదునుగా ఉన్నంతసేపు ఏ తేడా తెలియదు. ఎత్తు ఎక్కేటప్పుడు తెలుస్తుంది, మాట్లాడుతూ ఎక్కలేను, ఆగి మాట్లాడి మళ్ళీ ఎక్కాలి. చలికాలంలో జలుబు చేస్తే పది రోజులు వదలదు. అంతే. మిగిలిన లోబ్ మెల్లగా ఉబ్బి ఖాళీని చాలావరకు నింపుకుంటుంది, కొత్తగా పెరగడం కాదు, ఉన్నదే సాగుతుంది. కనుక లోబ్ తీస్తే మనిషి మంచాన పడతాడని అమ్మగారు భయపడుతుంటే ఆ భయం మాత్రం తీసేయి.

పొగ గురించి కూడా ఒక మాట. మా ఇంట్లో బంధువులు సిగరెట్ తాగని ఆడమనిషికి ఈ జబ్బేమిటని ఆశ్చర్యపోతుంటారు. కట్టెలు, పిడకలు కాల్చిన పొగను ఇంట్లో పీల్చడం బహుశా కేన్సర్ కారకం అని ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సర్ విభాగం వర్గీకరించి చాలా ఏళ్ళయింది. పిప్పి పొగ కూడా పొగే. అమ్మగారు ఏ తప్పూ చేయలేదు, ఆమెకు ఎవరైనా ఆ మాట గట్టిగా చెప్పాలి.

ఇంకా ఈ కోత చరిత్ర నాకు చాలా ఇష్టమైన విషయం, విసుక్కోకుండా విను. 1933లో అమెరికాలో సెయింట్ లూయిస్ నగరంలో ఇవార్ట్స్ గ్రాహం అనే సర్జన్ ఒక కేన్సర్ రోగికి ఎడమ ఊపిరితిత్తి మొత్తాన్ని ఒకేసారి తీసేశాడు. ఆ రోగి కూడా డాక్టరే. ఆయన ఆ తర్వాత మరో ముప్ఫై ఏళ్ళు ఒక్క ఊపిరితిత్తితో బతికి 1963లో పోయాడు. గ్రాహం స్వయంగా సిగరెట్లు తాగేవాడు, 1950లో సిగరెట్‌కీ ఈ కేన్సర్‌కీ ఉన్న సంబంధం చూపిన పరిశోధనలో తనూ ఒకడు, 1957లో అదే కేన్సర్‌తో తన రోగి కంటే ముందే పోయాడు. ఆ రోజుల్లో మొత్తం తీయడమే మార్గం, తర్వాత లోబ్ చాలన్నారు, ఇప్పుడు చిన్న గడ్డలకు సెగ్మెంట్ చాలంటున్నారు. ప్రతిసారీ తక్కువ తీస్తే మళ్ళీ వస్తుందేమోనన్న భయం నీ తండ్రికి ఉన్నట్టే వైద్యులకూ ఉండింది. చెప్పుకుని ఊరుకోలేదు, వందలమందితో సరిచూసి చెప్పారు.


బైరాగిపట్టెడ
మంగళవారం మధ్యాహ్నం 2.40

పులిచెర్ల అక్కా, మంచి ప్రశ్న అడిగావు, చాలామంది ఈ ప్రశ్న అడగకుండానే నిర్ణయం తీసుకుంటారు.

ఆ జపాన్ ట్రయల్లో లోబ్ వైపు 554 మందిలో 83 మంది పోయారు, వాళ్ళలో 52 మంది ఈ కేన్సర్‌తో కాదు, వేరే జబ్బులతో. సెగ్మెంట్ వైపు 552 మందిలో 58 మంది పోయారు, వేరే జబ్బులతో పోయినవాళ్ళు 27. అంటే తేడా అంతా దాదాపు అక్కడే వచ్చింది. తర్వాత ఇంకో కేన్సర్ వచ్చినా, న్యుమోనియా వచ్చినా, గుండె జబ్బు వచ్చినా తట్టుకోడానికీ, ఇంకో ఆపరేషన్ చేయించుకోడానికీ ఊపిరితిత్తి మిగిలి ఉండటం ఉపయోగపడింది అని ఒక వివరణ. అదే చోట తిరిగి వచ్చినవాళ్ళలో కొంతమందికి మళ్ళీ తీయడమో రేడియేషనో ఇంకా చేతిలో ఉంటుంది.

నాన్నగారికి నేనైతే ఇలా చెప్తా: నూరుమందిలో సెగ్మెంట్ వైపు పది మందికి అదే చోట మళ్ళీ వచ్చింది, లోబ్ వైపు అయిదుగురికి. అయినా అయిదేళ్ళ తర్వాత లెక్కేస్తే సెగ్మెంట్ వైపే ముగ్గురు ఎక్కువ బతికున్నారు. ఈ రెండు మాటలూ కలిపే చెప్పండి, ఒకటి దాచి ఇంకోటి చెప్పొద్దు.


నగరి మగ్గం
మంగళవారం సాయంత్రం 5.10

ఇప్పుడు తీరింది తల్లీ

మా నాయనకు 64 అప్పుడు, 1.9 సెంటీమీటర్లు, ఎడమ పక్క. బీడీలు తాగేవాడు, మరమగ్గాల షెడ్డులో దూది దుమ్ము వేరే. సర్జను సెగ్మెంట్ తీస్తానని చెప్పినాడు మేము సరే అన్నాం, కానీ సంతకం పెట్టేటప్పుడు ఆయన ఒక మాట గట్టిగా చెప్పినాడు, లోపలికి పోయినాక గ్రంథులు తీసి అప్పటికప్పుడే పరీక్షకు పంపుతాం, వాటిలో జబ్బు ఉంటే సెగ్మెంట్‌తో ఆపను, లోబ్ మొత్తం తీస్తాను, దానికి కూడా ఇప్పుడే ఒప్పుకోండి అని. మేము ఒప్పుకున్నాం. మధ్యాహ్నం పన్నెండుకు లోపల్నించి కబురొచ్చింది ఒక గ్రంథిలో ఉందని, లోబ్ తీసేసినారు.

ఆ రోజు మేము ఏడ్చినాం, ఏదో మోసపోయినట్టు అనిపించింది. కానీ తర్వాత అర్థమయింది తల్లీ, పెట్ స్కాన్లో కనపడనిది లోపల కనపడింది, కనపడింది కాబట్టే తర్వాత నాలుగు కీమోలు ఇచ్చినారు. అది చూడకుండా సెగ్మెంట్ తీసి కుట్లేసి పంపుంటే మా పరిస్థితి ఏంది. మూడేళ్ళయింది, నాయన బాగున్నాడు, దసరాకి కూడా చేత్తో పడుగు పని చేసినాడు.

అందుకే నువ్వు సెగ్మెంట్ చేస్తారా లోబ్ చేస్తారా అని అడగబాకు. ఆపరేషన్ మధ్యలో గ్రంథులు చూస్తారా, ఏమి కనపడితే ఏమి చేస్తారు, అది అడుగు.


బైరాగిపట్టెడ
మంగళవారం సాయంత్రం 5.48

నగరి అన్న చెప్పింది వంద శాతం నిజం. దాన్ని ఫ్రోజెన్ సెక్షన్ అంటారు, ముక్కని గడ్డ కట్టించి పల్చగా కోసి అరగంటలో చూసి చెప్తారు. ఆ ఆసుపత్రిలో పాథాలజిస్ట్ ఆ రోజు అందుబాటులో ఉంటారా అని కూడా అడగండి. 2023లో వచ్చిన అమెరికా ట్రయల్లో గ్రంథులు ఖాళీ అని ఆపరేషన్ టేబుల్ మీద తేలాకే రోగిని ఏ వైపు వేయాలో నిర్ణయించారు. అంటే ఆ మంచి ఫలితాలన్నీ గ్రంథులు చూసినవాళ్ళవి, చూడకుండా ముక్క కోసినవాళ్ళవి కాదు.

రెండోది అంచు. గడ్డ చుట్టూ కనీసం రెండు సెంటీమీటర్లో లేదా గడ్డ ఎంత ఉందో అంతో మంచి కండ రావాలి. అది రాదు అనిపిస్తే పక్క సెగ్మెంట్ కూడా తీయాలి లేదా లోబ్‌కి వెళ్ళాలి. గడ్డ సెగ్మెంట్ నడిమధ్యలో ఉందా, రెండు సెగ్మెంట్ల సరిహద్దులో ఉందా అన్నది సీటీలో చూపించమనండి. కింది లోబ్ పైభాగం సెగ్మెంట్ అయితే తీయడానికి అనువైన వాటిలో ఒకటి, ప్రతి సెగ్మెంటూ అంత సులువు కాదు.


శ్వాస తిరుపతి
మంగళవారం రాత్రి 8.25

అక్కా, నేను ఛెస్ట్ ఫిజియోథెరపిస్ట్‌ని. డాక్టర్ గారు కేన్సర్ సంగతి చెప్పారు కాబట్టి నేను ఊపిరి లెక్క చెప్తా. రెండు ఊపిరితిత్తులూ కలిపి 19 సెగ్మెంట్లుగా లెక్క వేస్తారు. కింది కుడి లోబ్‌లో 5 ఉంటాయి. అమ్మకి ఇప్పుడు 72 శాతం. లోబ్ తీస్తే 72లో 19కి 14 వంతులు మిగులుతుంది అంటే సుమారు 53. ఒక్క సెగ్మెంట్ తీస్తే 19కి 18 వంతులు, 68. ఈ కాగితం లెక్క చూస్తే తేడా చాలా పెద్దగా కనపడుతుంది, ఇది చూసే చాలామంది సెగ్మెంటే కావాలని పట్టుబడతారు. కానీ చంద్రగిరి సార్ చెప్పినట్టు మిగిలింది సాగుతుంది, జపాన్ ట్రయల్లో ఏడాదికి కొలిస్తే లోబ్ వాళ్ళకి తగ్గింది 12 శాతం, సెగ్మెంట్ వాళ్ళకి 8.5. తేడా మూడున్నర. కాబట్టి ఊపిరి కోసమే అయితే పెద్ద లాభం అనుకోవద్దు, ముందే ఊపిరి తక్కువున్నవాళ్ళకి మాత్రం ఆ మూడున్నరే చాలా విలువ.

53 అన్నా ఆపరేషన్‌కి భయపడే అంకె కాదు. అలాంటప్పుడు మెట్లు ఎక్కించి చూస్తారు, ఆగకుండా 22 మీటర్ల ఎత్తు అంటే సుమారు ఏడంతస్తులు ఎక్కగలిగితే గుండె, ఊపిరి రెండూ తట్టుకుంటాయని అర్థం. మా దగ్గరకి వచ్చే పెద్దవాళ్ళు నేను అలిపిరి 3,550 మెట్లు ఎక్కినదాన్ని అమ్మా అంటారు, పోయిన ఏడు ఎక్కారా అని అడిగితే ఇరవై ఏళ్ళ కిందట అంటారు. అమ్మని ఇవాళ ఇంటి మెట్లు ఎక్కించి చూడండి.

ఇంకా ఆపరేషన్‌కి రెండు వారాల ముందు నుంచే మూడు బంతుల స్పైరోమీటర్ ఊదడం కాదు, పీల్చడం నేర్పించండి, చాలామంది ఊదుతారు. కట్టెల పొయ్యి ఈ రోజే ఆపేయాలి.


మదనపల్లె టమాట
మంగళవారం రాత్రి 9.50

ఇదంతా చదువుతుంటే మా అవ్వ గుర్తొచ్చింది. మా అవ్వకి పెళ్ళైన కొత్తలో టీబీ వస్తే ఆరోగ్యవరం శానిటోరియంలో పెట్టినారంట. మా వైపు వాళ్ళకి అదే పెద్ద దిక్కు, వందేళ్ళకి పైబడిన ఆసుపత్రి. ఆ కాలంలో ఊపిరితిత్తి అణగడానికి పక్కటెముకలే తీసేసేవాళ్ళు, అవ్వకి ఎడమపక్క భుజం కింద లోతుగా గుంట ఉండేది, చిన్నప్పుడు అందులో చెయ్యి పెట్టి ఆడుకునేవాణ్ణి. ఆ ఒంటితోనే 81 ఏళ్ళు బతికింది, నలుగురు పిల్లల్ని కనింది.

నాకు ఒక అనుమానం. మన జిల్లాలో ఎంతమందికి చిన్నప్పుడెప్పుడో టీబీ వచ్చి పోయుంటుంది, తెలిసి కూడా ఉండదు. దానివల్ల ఈ ఆపరేషన్‌కి ఏమైనా ఇబ్బందా?


బైరాగిపట్టెడ
బుధవారం ఉదయం 6.40

ఉంది. ఇది మన దేశంలో సర్జన్లందరికీ తెలిసిన తలనొప్పి. పాత టీబీ ఉంటే గ్రంథులు సున్నంలా గట్టిపడి రక్తనాళాలకి అతుక్కుపోయి ఉంటాయి, ఊపిరితిత్తి పక్కగోడకి అంటుకుని ఉంటుంది. అప్పుడు చిన్న రంధ్రాలతో మొదలుపెట్టినా మధ్యలో తెరవాల్సి రావచ్చు, అది సర్జన్ చేతగానితనం కాదు. ఇంకోటి, టీబీ గ్రంథులు పెట్ స్కాన్లో కేన్సర్ లాగే వెలుగుతాయి. గ్రంథి వెలిగింది కాబట్టి ముదిరిపోయింది అని కొందరికి ఆపరేషనే వద్దనేస్తారు, అది సూదితో చూసి తేల్చాల్సిన విషయం. ఇటువైపు మచ్చ కనపడగానే టీబీ మందులు వేసి నెలలు పోగొట్టుకోవడం కూడా మేము చూస్తూనే ఉంటాం, గళ్ళలో క్రిమి లేనప్పుడు, మందులకి మచ్చ తగ్గనప్పుడు ముక్క పరీక్ష ఆలస్యం చేయకూడదు.


పులిచెర్ల అమ్మాయి
బుధవారం రాత్రి 10.12

అందరికీ ఏమని చెప్పాలో తెలీడంలే. నిన్న రాత్రి అమ్మకు ఇవన్నీ చదివి వినిపించినా. గ్రాహం డాక్టరు కథ రెండుసార్లు చదివించుకునింది. సార్ చెప్పిన మాట, నువ్వు ఏ తప్పూ చేయలేదు అనే మాట చదివేటప్పటికి కండ్లు తుడుచుకునింది, ఇన్ని నెలల్లో ఆమె ఏడ్చింది చూడటం అదే మొదలు, లోపల అదే పెట్టుకోనుండాది పాపం.

శుక్రవారం రెండో సర్జన్ కాడికి మళ్ళా పోతాండాం. డబ్బుల సంగతి ఎవరైనా చెప్పగలరా? మాకు తెల్ల కార్డు ఉండాది.


నగరి మగ్గం
బుధవారం రాత్రి 10.40

ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటాండారు, దాంట్లో కేన్సర్ ఆపరేషన్లు ఉండాయి. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర అని ఒకరు కూర్చోనుంటారు, నేరుగా ఆయన కాడికి పో, రిపోర్టులు అన్నీ జిరాక్స్ తీసుకోని పో. ఒకటి అడుగు, స్టేప్లర్ కార్ట్రిడ్జ్‌లు కార్డులో వస్తాయా బయట కొనాలా అని. కీహోల్లో, అంటే చిన్న రంధ్రాల ఆపరేషన్లో, కోసి కుట్టేది వాటితోనే, ఒక్కోటి చాలా ఖరీదు, ఎన్ని పడతాయో ముందు చెప్పలేరు. మాకు అది తెలీక ఆ రోజు పరిగెత్తాల్సి వచ్చింది. టీటీడీ ప్రాణదాన ట్రస్టు కూడా పేదోళ్ళకి కేన్సర్ వైద్యానికి సాయం చేస్తాది, అడిగి చూడు.


చంద్రగిరి కోట
గురువారం ఉదయం 9.05

మూడో అభిప్రాయం కావాలనిపిస్తే మొహమాటపడకు. తిరుపతిలోనే స్విమ్స్ ఉంది, చిత్తూరు నుంచి వెల్లూరు సీఎంసీ గంట ప్రయాణం, చెన్నైలో 1954 నుంచి నడుస్తున్న అడయార్ కేన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. ఎక్కడికి వెళ్ళినా సీటీ, పెట్ సిడిలు, ముక్క పరీక్ష స్లైడ్లు, బ్లాకులు చేత పట్టుకుని వెళ్ళు. కాగితం రిపోర్టు ఒక్కటే చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు. అయితే మూడోది చాలు, నాలుగు అయిదు అంటూ తిరిగితే గడ్డ మన కోసం ఆగదు.


కుప్పం రైలు
గురువారం రాత్రి 8.30

డాక్టర్ గారూ మీరు చెప్పింది మా ఇంట్లో చదివి వినిపించాను. పిన్నమ్మకి దొరికేటప్పటికే కాలేయంలో ఉందని ఇప్పుడు రిపోర్టు తీసి చూస్తే తెలిసింది. అమ్మాయ్, నేను రాసింది మనసులో పెట్టుకోవద్దు. అమ్మకి బాగుండాలి.


పులిచెర్ల అమ్మాయి
శుక్రవారం రాత్రి 9.15

పోయొచ్చినాం. నగరి అన్న చెప్పినట్టే అడిగినా. సర్జన్ గారు సీటీ కంప్యూటర్లో తిప్పి చూపించినారు, గడ్డ ఆ సెగ్మెంట్ లోపలే ఉండాది, సరిహద్దుకు దూరం అంట. గ్రంథులు తీసి ఫ్రోజెన్‌కు పంపుతాం, పాజిటివ్ వస్తే లోబ్ తీస్తాం, అంచు చాలకపోయినా లోబ్ తీస్తాం, పాథాలజిస్టు ఆ రోజు ఉంటారు అని చెప్పినారు. మా నాయన మౌనంగా అంతా విని, అట్లయితే ఇద్దరు డాక్టర్లూ ఒకే మాట చెప్పినట్టే గదా, లోపల చూసి చెప్తామంటాండారు, అన్నాడు. సంతకం ఆయనే పెట్టినాడు. ఆపరేషన్ వచ్చే నెల 4వ తేదీ.

అమ్మ మెట్లు ఎక్కింది. ఆసుపత్రిలో ఏడు అంతస్తులు, అయిదో అంతస్తు కాడ నిలబడబోయి మళ్ళా ఎక్కేసింది.


శ్వాస తిరుపతి
శుక్రవారం రాత్రి 9.40

శభాష్ అమ్మకి! బంతులు పీల్చడం మర్చిపోవద్దు, గంటకి పదిసార్లు.


పులిచెర్ల అమ్మాయి
23 రోజుల తర్వాత, ఆదివారం సాయంత్రం 6.30

ఇన్ని రోజులు రాయలేకపోయినా, మన్నించండి. అమ్మ ఇంటికొచ్చేసింది.

4వ తేదీ ఉదయం ఎనిమిదికి లోపలికి తీసకపోయినారు. పదకొండున్నరకు నర్సమ్మ వచ్చి గ్రంథుల్లో ఏమీ లేదంట అని చెప్పింది, మా నాయన ఆమె చేతులు పట్టుకున్నాడు. ఆ తర్వాత సర్జన్ గారు వీడియో చూపించినారు, నరంలో పచ్చ మందు ఎక్కించి స్పెషల్ కెమెరాతో చూస్తే తీయాల్సిన సెగ్మెంట్ ఒక్కటి చీకటిగా ఉండాది, చుట్టూ అంతా పచ్చగా వెలుగుతా ఉండాది. తొనకు తొక్క కనపడదు అని బైరాగిపట్టెడ డాక్టరు గారు రాసింది అప్పుడు అర్థమయింది, ఆ కనపడని తొక్కను ఇట్ల వెతుక్కుంటారు. కుడిపక్క మూడు చిన్న రంధ్రాలే.

కష్టం ఏదంటే గాలి లీకు. మూడో రోజు ఛాతీలో పెట్టిన పైపు తీస్తామన్నారు, దాని నీళ్ళ డబ్బాలో బుడగలు ఆగలా. దగ్గినప్పుడల్లా బుడుంగు బుడుంగుమని వచ్చేది, నేను రాత్రంతా ఆ డబ్బానే చూస్తా కూర్చునేదాన్ని. ముందే డాక్టర్ గారు రాసుండారు కాబట్టి భయపడకుండా ఉండగలిగినాను, లేకపోతే పిచ్చెక్కిపోయేది. ఏడో రోజు ఆగింది, ఎనిమిదో రోజు తీసినారు, తొమ్మిదో రోజు ఇంటికి.

ముక్క పరీక్ష ఫైనల్ రిపోర్టు నిన్న వచ్చింది. గడ్డ 1.7, అంచు 2.2 సెంటీమీటర్లు, తీసిన 9 గ్రంథుల్లో ఒక్కదాంట్లో కూడా లేదు, పైపొరకు తగల్లేదు. స్టేజ్ 1ఏ2, అంటే తొలి దశే. కీమో, రేడియేషన్ ఏవీ వద్దన్నారు. జీన్ పరీక్షలో ఈజీఎఫ్ఆర్ మార్పు ఉండాదని వచ్చింది కానీ ఈ స్టేజ్‌లో ఆ మార్పుకు ఇచ్చే మాత్ర అక్కర్లేదు, రిపోర్టు మటుకు జాగ్రత్తగా పెట్టుకోండి అన్నారు. ఆరు నెలలకు ఒకసారి సీటీ.


బైరాగిపట్టెడ
ఆదివారం సాయంత్రం 7.05

చాలా సంతోషం అక్కా. ఆ సీటీలు మాత్రం బాగానే ఉంది కదా అని మానొద్దు. తక్కువ తీసినప్పుడు కాపలా ఎక్కువ కావాలి. కోసిన గీత దగ్గర గట్టిగా మచ్చ లాగా కనపడుతుంది, అది స్టేపుల్స్ గాయం మచ్చ కావచ్చు, పాత సీటీతో పోల్చి చూడమనండి, ప్రతిసారీ పాత సిడి తీసుకెళ్ళండి.


పులిచెర్ల అమ్మాయి
ఆదివారం రాత్రి 8.10

సరే డాక్టర్ గారూ. కట్టెల పొయ్యి మా నాయన పగలగొట్టేసినాడు, గానిగ ఈ ఏడు గుత్తకిచ్చేస్తాం. అమ్మ ఒకటే అడగమంటాంది, శ్వాస అక్కా నిన్నే, బిందె ఎప్పుడు ఎత్తొచ్చు అని. వద్దంటే వినడంలే, కొళాయి వచ్చేటప్పటికి లేచి పోతాంది.


శ్వాస తిరుపతి
ఆదివారం రాత్రి 8.22

ఆరు వారాలు వద్దు. అప్పటిదాకా చెంబుతో తెచ్చుకోమను, ఎడమ చేత్తో. కుడి చెయ్యి మాత్రం బిగదీసి పెట్టుకోకుండా రోజుకి మూడుసార్లు గోడ మీద వేళ్ళతో పైకి పాకించమను, లేకపోతే భుజం పట్టేస్తుంది. ఆరు వారాల తర్వాత సగం బిందె.